తొలి కాన్పు తల్లికి తొలి నలభై రోజులు

అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాం.



మన ఇళ్ళలో బిడ్డ పుట్టిందంటే పండుగే. చెవిలో అజాన్ పలుకుతాం. మిఠాయి పంచుతాం. ఏడో రోజున అఖీఖా చేసి పేరు పెడతాం. పేద ఇంట బిడ్డ పుట్టినట్లు తెలిస్తే మన సంస్థ తరఫున కొత్త బట్టలు, దోమతెర, సబ్బు, నూనె ఉన్న సంచి కూడా అందిస్తున్నాం. ఇవన్నీ మంచి పనులే, అల్హమ్దులిల్లాహ్. అయితే ఈ హడావుడి మధ్య మంచం మీద ఒక మనిషి ఉంటుంది. నిన్నటిదాకా ఆమె ఆ ఇంటి ఆడపిల్ల, లేదా కొత్త కోడలు. ఇవాళ తల్లి. వచ్చినవారంతా బిడ్డను ఎత్తుకుని, ఎవరి పోలికో చెప్పుకుని వెళ్తారు. ఆమెను మాత్రం “నువ్వు తిన్నావా తల్లీ, నిద్రపోయావా?” అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

ఒక సంచి, మా పొరపాటు

కొంతకాలం క్రితం మేము ఒక ఇంటికి సంచి ఇవ్వడానికి వెళ్ళాం. ఒకే ఒక్క అద్దె గది. తొలి కాన్పు. బిడ్డకు పన్నెండో రోజు. భర్త ఆటో తోలడానికి పోయాడు. అమ్మాయికి తల్లి లేదు. అత్తగారు పొట్టకూటి కోసం వేరే ఊళ్ళో ఉంటారు. మేము సంచి చేతికిచ్చి, బిడ్డకు దుఆ చేసి బయటికి వచ్చేశాం. మాతో వచ్చిన ఒక ఆపా మాత్రం “మీరు పదండి, నేను వెనకాలే వస్తా” అని ఆగిపోయారు.

అరగంట తర్వాత ఆమె చెప్పిన మాటలు విని మేము సిగ్గుపడ్డాం. ఆ అమ్మాయి ముందురోజు రాత్రి నుంచి అన్నం తినలేదు. కుట్లు నొప్పి పెడుతుంటే పొయ్యి దగ్గర నిలబడలేకపోయింది. పొరుగామె ఎవరో “నీ పాలు చాలడం లేదు, అందుకే ఏడుస్తున్నాడు” అంటే, ఆవుపాలలో నీళ్ళు కలిపి సీసాతో పట్టడం మొదలుపెట్టింది. “నేను తల్లిగా పనికిరాను ఆపా” అని ఏడ్చింది. మేము తెచ్చిన సంచిలో బిడ్డకు ఏడు వస్తువులు ఉన్నాయి. తల్లికి ఒక్కటీ లేదు.

ఆ రోజు నుంచి మేము ఈ విషయాన్ని కాస్త శ్రద్ధగా చదువుకున్నాం. డాక్టర్లను, నర్సులను, ఉలమాను అడిగాం. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

హజ్రత్ ఉమర్ (రజి) మార్చిన నిబంధన

సహాయం చేసే వారికి ఈ అంశంలో గొప్ప పాఠం హజ్రత్ ఉమర్ (రజి) పాలనలోనే దొరుకుతుంది. ఇబ్నె సాద్ తన తబఖాత్‌లో ఈ సంఘటనను పేర్కొన్నారు. ఒక వర్తక బృందం మదీనా చేరి రాత్రికి బస చేసింది. ఆ రాత్రి వారికి కాపలాగా ఉందామని హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. వెళ్ళి, బిడ్డను సరిగా చూసుకోమని తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళి చెప్పారు. తెల్లవారుజామున మూడోసారీ ఏడుపు వినిపించడంతో ఆ తల్లిని గట్టిగా నిలదీశారు. ఎదుటి మనిషి ఖలీఫా అని తెలియని ఆమె ఉన్నమాట చెప్పేసింది. బిడ్డ చేత బలవంతంగా పాలు మాన్పిస్తున్నానని, ఎందుకంటే పాలు మానిన బిడ్డకే ఉమర్ భృతి ఇస్తారని. ఆ బిడ్డకు ఇంకా కొన్ని నెలలే.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన దుఃఖం వల్ల ఖుర్ఆన్ పారాయణం జనానికి స్పష్టంగా వినిపించలేదు. నమాజు ముగిశాక తన నిబంధన వల్ల ఎందరు పసివాళ్ళు నష్టపోయారోనని బాధపడ్డారు. వెంటనే చాటింపు వేయించారు. ఎవరూ బిడ్డల చేత తొందరపడి పాలు మాన్పించవద్దని, ఇకపై పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిననాటి నుంచే భృతి ఉంటుందని. రాష్ట్రాలన్నిటికీ ఆ ఆదేశం పంపారు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఉమర్ (రజి) ఇచ్చే భృతి మంచిదే. దాని ఉద్దేశమూ మంచిదే. కానీ ఇచ్చే పద్ధతి ఒక తల్లి చేతిని బలవంతపెట్టింది. ఆ సంగతి ఆయనకు ఖజానా లెక్కల్లో తెలియలేదు. రాత్రిపూట ఒక తల్లి దగ్గరికి మూడుసార్లు వెళ్తే తెలిసింది. తెలిసిన వెంటనే నిబంధనను మార్చారు. మన సహాయాన్ని కూడా ఈ గీటురాయి మీద పెట్టి చూసుకోవాలి.

దివ్యఖుర్ఆన్ తల్లి పక్షాన

తల్లి ఒక బలహీనత మీద మరో బలహీనతను భరిస్తూ బిడ్డను మోస్తుందని లుఖ్మాన్ సూరా 14వ ఆయతు గుర్తుచేస్తుంది. మోయడం, పాలు మాన్పించడం కలిపి ముప్ఫై నెలలని అహ్ఖాఫ్ సూరా 15వ ఆయతు చెబుతుంది. అంటే కాన్పుతో కష్టం తీరిపోదని, ఆ తర్వాతి కాలం కూడా ఆ మోతలో భాగమేనని మనకు తెలుస్తోంది.

బఖరా సూరా 233వ ఆయతు మరింత వివరంగా ఉంది. పూర్తికాలం పాలివ్వదలచుకుంటే రెండు సంవత్సరాలు. ఆ కాలంలో తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత. బిడ్డ కారణంగా తల్లిని గానీ, తండ్రిని గానీ ఇబ్బంది పెట్టకూడదు. పాలు మాన్పించాలంటే ఇద్దరూ సంప్రదించుకుని, ఇష్టపూర్వకంగా నిర్ణయించుకోవాలి. అవసరమైతే పాలిచ్చే దాదిని పెట్టుకోవచ్చు, ఆమెకు న్యాయంగా ప్రతిఫలం ఇవ్వాలి. “బిడ్డను కన్నావు, ఇక నీ పాట్లు నువ్వు పడు” అనే మాటకు ఈ ఆయతులో చోటు లేదు.

మర్యం సూరా 23 నుంచి 26 వరకు ఉన్న ఆయతులు ప్రతి బాలింత ఇంట్లోనూ గుర్తుచేసుకోవాల్సినవి. పురిటి నొప్పులు హజ్రత్ మర్యం (అ)ను ఖర్జూర చెట్టు మొదలు దగ్గరికి చేర్చాయి. ఆ బాధలో ఆమె, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేది కదా అనుకుంది. లోకంలోని స్త్రీలందరిలో ఎన్నికైన ఆమె నోటి వెంట వచ్చిన మాట అది. ఆ మాటకు ఆమెను ఎవరూ మందలించలేదు. ముందుగా, దుఃఖించవద్దనే ఓదార్పు వచ్చింది. తర్వాత కాళ్ళ దగ్గర నీటి ఊట. తర్వాత తాజా ఖర్జూరాలు. తిను, తాగు, కళ్ళు చల్లబరచుకో అనే ఆదేశం. ఆ పైన, ఎవరైనా కనిపిస్తే ఆ రోజు మాట్లాడకుండా ఉండే వెసులుబాటు.

ఓదార్పు, నీళ్ళు, తిండి, జనం ప్రశ్నల నుంచి విశ్రాంతి. మన సహాయం ఈ వరుసలో ఉందా అని ప్రశ్నించుకుంటే చాలు, చేయాల్సిన పని కళ్ళ ముందుకు వస్తుంది.

తొలి వారాల్లో జరిగేది ఏమిటి?

తొలి కాన్పు తల్లి భయపడే విషయాల్లో చాలా వరకు సహజమైనవే. ముందుగా చెప్పేవారు లేకపోవడం వల్ల అవి పెద్ద భయాలుగా మారుతాయి.

పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలని, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మరేదీ, మంచినీళ్ళు కూడా, ఇవ్వనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెబుతున్నాయి. మన ఎండాకాలంలోనూ ఇదే వర్తిస్తుంది. మొదట వచ్చే చిక్కని పసుపు రంగు ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఆ కొద్దే చాలు. రోగాలను ఎదుర్కొనే శక్తి అందులో నిండుగా ఉంటుంది. వాటిని పిండి పారబోయడం బిడ్డ హక్కును పారబోయడమే.

పొత్తిళ్ళ బిడ్డ రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. అంటే రెండు మూడు గంటలకోసారి. కొన్ని సాయంత్రాలు వదలకుండా తాగుతూనే ఉంటుంది. ఇది పాలు లేకపోవడం వల్ల కాదు. ఎంత తాగితే అంత పాలు ఊరుతాయి. ఏడ్చినప్పుడల్లా సీసా పాలు పడితే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. చాలుతున్నాయా లేదా అని తెలుసుకోవడానికి ఏడుపు కొలమానం కాదు. అయిదారు రోజులు దాటిన బిడ్డ 24 గంటల్లో ఆరుసార్లయినా మూత్రం పోయాలి. మొదటి రోజుల్లో కాస్త తగ్గిన బరువు రెండు వారాల లోపు తిరిగి రావాలి. ఈ రెండూ సరిగా ఉంటే తల్లి నిశ్చింతగా ఉండవచ్చు. లేకపోతే పొరుగువారి సలహా కోసం కాకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరు చెప్పి డబ్బా పాలు ఇవ్వాల్సి వస్తే అందులో తల్లి తప్పేమీ లేదు. ఆమెను తక్కువ చేసి మాట్లాడకూడదు.

తల్లి ఒంటి సంగతి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు దాదాపు 600 కిలోకేలరీల ఆహారం అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి సూచన. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ మండలికి చెందినదే. అంటే మామూలుగా తినే దానికి మరో పూట భోజనం తోడు కావాలి. కానీ చాలా ఇళ్ళలో పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రమే పెడతారు. పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. దాహం వేసినన్ని నీళ్ళు తాగనివ్వాలి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, మాంసం షోర్బా అన్నీ తినవచ్చు. మన నానీలు చేసే హరీరా, గోంద్ లడ్డూ మంచివే. అవి భోజనానికి తోడుగా ఉండాలి, భోజనానికి బదులుగా కాదు. ప్రసవం తర్వాత 180 రోజులు ఐరన్, కాల్షియం మాత్రలు వాడాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం.

ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వచ్చి చూడాల్సిన రోజులు కూడా నిర్ణయమై ఉన్నాయి. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు. అద్దె ఇళ్ళు మారుతూ ఉండే కుటుంబాల పేర్లు ఆమె పుస్తకంలో లేకపోవచ్చు. పేరు రాయించడం కూడా ఒక సేవే.

చిల్లా గురించి కొన్ని సవరణలు

బాలింత నలభై రోజులను మనం చిల్లా అంటాం. విశ్రాంతి కోసం ఈ ఆచారం మంచిదే. కానీ దాని చుట్టూ కొన్ని పొరపాట్లు అల్లుకుపోయాయి.

మొదటిది నమాజు విషయం. ప్రసవం తర్వాతి రక్తస్రావాన్ని నిఫాస్ అంటారు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం దీని గరిష్ఠ కాలం 40 రోజులు, షాఫయీల వద్ద 60 రోజులు. కనిష్ఠ కాలం అంటూ లేదు. స్రావం ఇరవయ్యో రోజునే ఆగిపోతే గుసుల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. నలభై నిండేదాకా ఆగాలన్నది అపోహ. నిఫాస్ కాలంలో తప్పిన నమాజులను మళ్ళీ చేయనవసరం లేదు. ఉపవాసాలు మాత్రం తర్వాత పాటించాలి. రమజాన్‌లో పాలిచ్చే తల్లికి తన గురించో, బిడ్డ గురించో భయం ఉంటే ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటును దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ వెసులుబాటు వాడుకున్న కోడలిని చిన్నచూపు చూడటం, అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని చిన్నచూపు చూడటమే.

రెండోది, నిఫాస్ వల్ల తల్లి అంటరానిది కాదు. ఆమె వండినది తినవచ్చు, ఆమె పక్కన కూర్చోవచ్చు. దుఆ, జిక్ర్, దరూద్ ఆమె చేసుకోవచ్చు. రాత్రి మూడు గంటలకు ఒంటరిగా బిడ్డకు పాలిస్తున్న తల్లికి జిక్ర్ గొప్ప తోడు.

మూడోది, తహ్నీక్. హజ్రత్ అస్మా (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)కు దైవప్రవక్త (స) ఖర్జూరంతో తహ్నీక్ చేసినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. ఇది శుభం కోరి అంగిలికి రాసే పని. బిడ్డకు తిండి పెట్టడం కాదు. దీని కోసమని తొలి పాలు ఆలస్యం చేయకూడదు. నెలలు నిండని బిడ్డ, జబ్బుతో ఉన్న బిడ్డ విషయంలో డాక్టరును అడిగాకే చేయాలి. ఖర్జూరం లేదని తేనె నాకించడం మాత్రం ప్రమాదం. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బాట్యులిజం అనే తీవ్రమైన జబ్బు రావచ్చు.

నాలుగోది, పసిబిడ్డ కంటికి సుర్మా, కాటుక పెట్టడం. వీటిలో సీసం ఉండే అవకాశం ఉంది. అది ఎదిగే మెదడుకు విషం. తలుపులు మూసి గది నిండా సాంబ్రాణి పొగ వేయడం కూడా ఆ చిన్న ఊపిరితిత్తులకు మంచిది కాదు. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తని దిండ్లు, బరువు దుప్పట్లు ముఖం దగ్గర ఉండకూడదు.

మనసు బరువెక్కినప్పుడు

కాన్పయిన రెండో మూడో రోజు నుంచి చాలామంది తల్లులకు ఊరికే ఏడుపు వస్తుంది, చిరాకు పుడుతుంది. ఒంట్లో హార్మోన్ల మార్పు, నిద్రలేమి ఇందుకు కారణం. ధైర్యం చెప్పి, కాసేపు నిద్రపోనిస్తే రెండు వారాల లోపు తగ్గిపోతుంది.

రెండు వారాలు దాటినా దుఃఖం తగ్గకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోతే, నేను లేకపోతేనే బాగుండునన్న ఆలోచన వస్తుంటే, అది ప్రసవానంతర కుంగుబాటు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. దాని అంచనా ప్రకారం మన దేశపు తల్లుల్లో దాదాపు 22 శాతం మందికి ఈ కుంగుబాటు ఉంటోంది. అంటే అయిదుగురు బాలింతల్లో ఒకరికి. మనం సంచి ఇచ్చి వచ్చిన ఇళ్ళలో ఇలాంటివారు ఎందరున్నారో మనం అడగనే లేదు.

ఇలాంటప్పుడు మన ఇళ్ళలో వినిపించే మాటలు మనకు తెలుసు. నజర్ తగిలింది, జిన్ను పట్టింది, ఈమాన్ తక్కువ, నాటకాలాడుతోంది. ఖుర్ఆన్ పఠించి ఊదడాన్ని ఎవరూ కాదనరు. అయితే రోగానికి వైద్యం చేయించుకోమని చెప్పినది కూడా దైవప్రవక్తే (స). దుఆ ఒక చేత్తో, డాక్టరు చీటీ మరో చేత్తో ఉండాలి. కుంగుబాటుకు చికిత్స ఉంది. పాలిస్తూనే వాడదగిన మందులు ఉన్నాయి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సేవలో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లి పొంతన లేకుండా మాట్లాడినా, లేని శబ్దాలు వినిపిస్తున్నాయన్నా, తనకో బిడ్డకో హాని చేస్తుందేమోనన్న భయం కలిగినా ఆగకూడదు. ఆమెను ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

శరీరానికి సంబంధించిన ప్రమాద సూచనలు కూడా ఇంట్లో అందరికీ తెలియాలి. గంటలోనే ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం, దుర్వాసన, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం తల్లి విషయంలో ప్రమాదకరం. పాలు తాగకపోవడం, ఒళ్ళు కాలడం లేదా చల్లబడటం, ఎగశ్వాస, మూర్ఛ, అరచేతులు అరికాళ్ళు పసుపెక్కడం బిడ్డ విషయంలో ప్రమాదకరం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. చిల్లా నిండలేదని గడప దాటనివ్వకపోవడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) తల్లి వృత్తాంతం ఉంది. బిడ్డను నదిలో విడిచాక ఆమె హృదయం శూన్యమైపోయింది. అల్లాహ్ ఆమె గుండెకు ధైర్యమిచ్చాడు. బిడ్డ అక్క దూరం నుంచి గమనిస్తూ వెంట వెళ్ళింది, తిరిగి తల్లి ఒడికి చేరే దారి చూపింది. తల్లి కళ్ళు చల్లబడాలని, ఆమె దుఃఖించకూడదని అల్లాహ్ బిడ్డను తిరిగి ఇచ్చాడు. మన బస్తీల్లో అలా గమనిస్తూ నడిచే అక్కలు కావాలి.

మగవారికి ఒక మాట

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. నమాజు చేయిస్తుండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని ఆయన (స) నమాజునే క్లుప్తం చేసేవారు. జమాఅత్‌ను నిలబెట్టిన ఇమామే ఒక తల్లి కోసం నమాజు తగ్గిస్తే, మన టీ బల్ల దగ్గరి ముచ్చట్లు తగ్గించుకోవడం ఏపాటి?

తండ్రి పాలివ్వలేడు. తక్కినవన్నీ చేయగలడు. రాత్రి ఒకసారి గుడ్డ మార్చవచ్చు. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని తేన్పు రప్పించవచ్చు. తల్లి మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయేలా కాపలా ఉండవచ్చు. నీళ్ళ చెంబు, అన్నం పళ్ళెం ఆమె చేతికి అందించవచ్చు. వచ్చిపోయే బంధువులను “ఇవాళ వద్దు, ఆమె పడుకుంది” అని గడప దగ్గరే మర్యాదగా ఆపవచ్చు. సాస్‌లకూ ఒక విన్నపం. మీ కాలంలో మీరు పడ్డ కష్టం నిజమే. ఆ కష్టం కోడలికి కొలబద్ద కాకుండా, కోడలికి దయగా మారితే అల్లాహ్ దగ్గర దాని విలువ ఎక్కువ.

దాతలు చేయగలిగింది

ఇకపై మేము ఇచ్చే సంచిని మార్చాలనుకుంటున్నాం. బిడ్డ వస్తువులు కొన్నే ఉంచి, మిగతా డబ్బును తల్లి వైపు మళ్ళించాలన్నది మా ఆలోచన. మీ సహకారం కావాల్సినవి ఇవి.

ఒకటి, నలభై రోజుల భోజనం. తల్లి, అత్త దగ్గర లేని బాలింతకు రోజూ ఒక పూట వేడి భోజనం ఇంటికి చేర్చాలి. పక్క వీధిలో వండుకునే కుటుంబమే మరో గిన్నె బియ్యం ఎక్కువ వేస్తే ఇది జరిగిపోతుంది. అఖీఖా మాంసంలో ఒక భాగాన్ని ఇలాంటి ఇళ్ళకు పంపవచ్చు.

రెండు, పనిమనిషి సాయం. గుడ్డలు ఉతకడానికి, బిందెడు నీళ్ళు తేవడానికి, తల్లి స్నానం చేసేదాకా బిడ్డను పట్టుకోవడానికి రోజుకు రెండు గంటలు ఒక మనిషి చాలు. ఇక్కడ జకాత్ దాతలు ఒక విషయం గమనించాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుల సొంతం కావాలి. కాబట్టి అర్హురాలైన తల్లి చేతికే ఆ సొమ్ము ఇస్తాం, పనిమనిషికి ఆమే జీతం ఇచ్చుకుంటుంది. కార్యకర్తల ప్రయాణ ఖర్చులు, కరపత్రాల వంటివి జకాత్ నుంచి కాకుండా నఫిల్ సదఖా, లిల్లాహ్ నిధి నుంచి మాత్రమే పెడతాం. దయచేసి మీరిచ్చేది ఏ నిధికో చెప్పి ఇవ్వండి.

మూడు, ప్రభుత్వం ఇచ్చేది అందేలా చూడటం. ప్రధానమంత్రి మాతృ వందన యోజన అమలులో ఉన్నచోట తొలి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. ఆధార్‌లో ఇంటిపేరు తేడా, బ్యాంకు ఖాతా లేకపోవడం వంటి చిన్న కారణాలతో ఇది ఆగిపోతుంది. చదువుకున్న మన పిల్లలు వారానికి ఒక గంట కూర్చుని ఈ దరఖాస్తులు నింపితే చాలు. 6, 10, 14 వారాల టీకాలకు తల్లిని తీసుకెళ్ళి తీసుకొచ్చే ఆటో ఖర్చు కూడా మనం భరించవచ్చు.

నాలుగు, ఆపాల బృందం. డబ్బు ఇవ్వలేనివారు ఇవ్వగలిగినది ఇదే. పిల్లల్ని పెంచిన అనుభవం ఉన్న ప్రతి బస్తీ ఆపా ఒక తొలి కాన్పు తల్లి దగ్గరికి చిల్లాలో కనీసం నాలుగుసార్లు వెళ్ళాలి. ఫోటో తీయకూడదు. సలహాల చిట్టా విప్పకూడదు. తిన్నావా, నిద్రపోయావా, మనసెలా ఉంది అని మూడు ప్రశ్నలు అడిగి, చెప్పేది వినాలి. ఆ ఇంటి మాట బయట చెప్పకూడదు. ప్రమాద సూచన కనిపిస్తే మాకు తెలియజేయాలి.

మొదట చెప్పిన ఆ అమ్మాయి సంగతి తెలుసుకోవాలని మీకు ఉంటుంది. ఆగిపోయిన ఆ ఆపా మర్నాడు అన్నం డబ్బాతో మళ్ళీ వెళ్ళారు. బిడ్డను రొమ్ముకు ఎలా పట్టించాలో నర్సుతో చూపించారు. కొన్ని రోజులకు సీసా అవసరం లేకుండా పోయింది. చిల్లా నిండిన తర్వాత ఆ అమ్మాయి బిడ్డను ఎత్తుకుని ఆపా ఇంటికి వచ్చింది. మేమిచ్చిన సంచి గురించి ఆమె ఏమీ అనలేదు. “ఆ రోజు మీరు కూర్చున్నారు కదా ఆపా” అంది, అంతే.

అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక. ప్రతి తల్లికీ ఆరోగ్యాన్ని, ప్రతి బిడ్డకూ నిండు నూరేళ్ళను ప్రసాదించుగాక. ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం ఆగి కూర్చునే మనసును మనందరికీ ఇచ్చుగాక. ఆమీన్.